అతుకు పక్కన విరిగే ఉక్కు
(పాతబడిన వెల్డింగ్ అతుకుల బలాన్ని అంచనా వేయడం గురించి)

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. (గణితం, భౌతికం, రసాయనం) విద్యార్థి, నందికొట్కూరు

పోయిన ఏడు మృగశిర వానలకు సేద్యం మొదలుపెట్టిన మూడో రోజే మా ట్రాక్టరు గుంటకకు ఉన్న ఇనుప కాలు ఒకటి విరిగింది. అంతకు ముందు సంవత్సరమే నందికొట్కూరులో వెల్డింగ్ పెట్టించుకొని తెచ్చిన కాలు అది. నాయన విరిగిన ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూసి, "అతుకు విరగలేదురా, అతుకు పక్కన విరిగింది. కొత్తగా పోసిన ఇనుము గట్టిగానే ఉంది. పాత ఇనుమూ గట్టిగానే ఉండె. నడుమ ఇది ఎందుకు చెడిపాయ?" అని అడిగినాడు.

కాలేజీలో ఫిజిక్సు చదివే కొడుకుని కదా, నేను జవాబు చెప్పాలి. ఆ రోజు చెప్పలేకపోయాను. సెలవులు ముగిసి కళాశాలకు వచ్చినాక మా భౌతికశాస్త్ర ఉపన్యాసకుల వారిని అడిగాను. వారు నవ్వి, "మీ నాయన అడిగిన ప్రశ్ననే థర్మల్ విద్యుత్ కేంద్రాల ఇంజనీర్లు కూడా అడుగుతుంటారు. అక్కడ విరిగేది ఆవిరి పైపు, అంతే తేడా" అన్నారు. ఆ మాట పట్టుకొని గ్రంథాలయంలో చదివినదీ, వారు వివరించినదీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. మా చిన్నాయన ఒక థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు వెల్డరు. కాబట్టి ఈ విషయం నాకు పుస్తకాల సంగతి మాత్రమే కాదు.

1. కరెంటు ఎక్కడి నుండి వస్తుంది?

మా నందికొట్కూరు ప్రాంతం (2022 వరకు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా) రైతుకు వాన తర్వాత అంత ముఖ్యమైనది కరెంటు. బోరు మోటారు తిరగాలన్నా కరెంటే. మల్యాల దగ్గర శ్రీశైలం నీళ్లను ఎత్తి హంద్రీ-నీవా కాలువలో పోసే పంపులు తిరగాలన్నా కరెంటే. ఈ కరెంటులో పెద్ద భాగం ఇప్పటికీ బొగ్గు మండించి తీసేదే.

మన సీమలో దీనికి పేరుపడినది కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇక్కడ మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1994లో, రెండవది 1995లో మొదలైనాయి. తరువాత అంతే శక్తిగల యూనిట్లు మూడు, 2018లో 600 మెగావాట్ల యూనిట్ ఒకటి చేరినాయి. మొత్తం 1,650 మెగావాట్లు.

ఇటువంటి 210 మెగావాట్ల యూనిట్‌లో బాయిలరు నుండి టర్బైనుకు పోయే ఆవిరి వేడి సుమారు 540 డిగ్రీల సెంటీగ్రేడు. పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోలు. ఆ ఆవిరిని మోసే పైపులను ముక్కలు ముక్కలుగా తెచ్చి, వంపుల దగ్గర, వాల్వుల దగ్గర, కొమ్మలు చీలే చోట్ల వెల్డింగుతో కలుపుతారు. ఒక్కో యూనిట్‌లో పెద్ద చిన్న అన్నీ కలిపి ఇట్లాంటి అతుకులు వేలల్లో ఉంటాయి. సంవత్సరానికి 7,000 గంటలు నడిచినా 30 ఏళ్లకు 2,10,000 గంటలు అవుతుంది. (ఇది నేను వేసిన మామూలు లెక్క, కేంద్రం వారి రికార్డు కాదు.) అన్ని గంటలు అంత వేడిలో, అంత ఒత్తిడిలో నిలబడిన అతుకులో ఇంకా ఎంత ఆయువు మిగిలి ఉంది? ఇదే మన ప్రశ్న.

2. దూలం వంగిన కథ

మా పాత ఇల్లు మట్టి మిద్దె. నడిమింట్లో వేప దూలం ఒకటి ఉంది. మా అవ్వ కాపురానికి వచ్చినప్పుడు అది తిన్నగా ఉండేదట. నేను చూసేనాటికి నడుమ బెత్తెడు కిందికి దిగింది. వానలకు ముందు మిద్దెమీద చౌడు వేసినా, పాత చౌడు గీకి తీసేవాళ్లే గనుక బరువు పెద్దగా పెరిగింది లేదు. ఏ ఒక్క రోజూ దూలం ఫెళ్లుమని చప్పుడు చేయలేదు. అదే బరువు కింద నలభై ఏళ్లలో మెల్లమెల్లగా దిగింది.

బరువు పెరగకుండానే, కాలంతో పాటు వస్తువు ఇట్లా సాగిపోవడాన్ని ఇంగ్లీషులో 'క్రీప్' అంటారు. పాకడం అని అర్థం. కొయ్యలో జరిగే పని వేరు, లోహంలో జరిగే పని వేరు అయినా, పైకి కనబడే తీరు ఒకటే. లోహాల్లో దీన్ని మొదట శ్రద్ధగా కొలిచినవాడు ఆండ్రేడ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. 1910లో సీసపు తీగలకు బరువులు వేలాడదీసి అవి గంట గంటకు ఎంత సాగుతున్నాయో చూశాడు.

సీసమే ఎందుకు? లోహం తన ద్రవీభవన స్థానానికి ఎంత దగ్గరగా ఉన్నదీ అనేదాన్ని బట్టి క్రీప్ ఉంటుంది. పరమ ఉష్ణోగ్రతలో చూస్తే, ద్రవీభవన స్థానంలో సుమారు 0.4 వంతు దాటినప్పటి నుండి క్రీప్ పట్టించుకోదగినంతగా మొదలౌతుంది. సీసం కరిగేది 600 కెల్విన్ల దగ్గర. మన గది వేడి 300 కెల్విన్లు, అంటే సరిగ్గా సగం. కాబట్టి సీసం గదిలోనే సాగిపోతుంది. ఉక్కు కరిగేది సుమారు 1,770 కెల్విన్ల దగ్గర. దానిలో 0.4 వంతు అంటే 708 కెల్విన్లు, అనగా 435 డిగ్రీల సెంటీగ్రేడు. మన ఆవిరి పైపు 540 డిగ్రీల్లో ఉంది. అంటే గది వేడిలో ఎన్నేళ్లయినా కదలని ఉక్కు, బాయిలరు దగ్గర సీసపు తీగ మాదిరి ప్రవర్తించే హద్దులోకి వచ్చినట్లే.

క్రీప్‌లో మూడు దశలు ఉంటాయి. మొదట కొంచెం వేగంగా సాగి నెమ్మదిస్తుంది. రెండవ దశలో చాలాకాలం దాదాపు ఒకే వేగంతో సాగుతుంది. మూడవ దశలో వేగం పెరిగి, లోపల బొరియలు ఏర్పడి, చివరకు తెగుతుంది. మూడవ దశ మొదలైన సంగతి ముందుగా పసిగట్టడమే ఈ శాస్త్రానికి ప్రయోజనం.

మరి పైపు మీద బరువు ఎంత? ఒక ఉదాహరణ చూద్దాం. పైపు సగటు వ్యాసం 320 మిల్లీమీటర్లు, మందం 40 మిల్లీమీటర్లు, పీడనం 150 కిలోలు అనుకుందాం. చుట్టూ లాగే ప్రతిబలం కావాలంటే పీడనాన్ని వ్యాసంతో గుణించి, మందానికి రెండింతలతో భాగించాలి. 150 × 320 ÷ 80 = 600. చదరపు సెంటీమీటరుకు 600 కిలోలు, అనగా ఆరు క్వింటాళ్లు. వేలి గోరంత జాగాకు 75 కిలోల వడ్ల బస్తాలు ఎనిమిది వేలాడదీసి, రాత్రింబగళ్లు 540 డిగ్రీల్లో ఉంచినట్లు.

3. వేడికి ఓర్చే ఉక్కు

మామూలు ఉక్కు ఈ పనికి చాలదు. అందుకని క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కులు వాడతారు. రెండుంబావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం ఉన్న ఉక్కు (పైపుల భాషలో పి-22) చాలాకాలంగా పేరుపొందినది. 1970ల చివర అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 9 శాతం క్రోమియం ఉక్కులో కొద్దిగా వెనేడియం, నియోబియం, నత్రజని చేర్చి పి-91 అనే రకాన్ని తీర్చిదిద్దారు. కొత్త యూనిట్లలో దీని వాడకం బాగా పెరిగింది. పలుచని పైపుతోనే పని జరుగుతుంది.

ఈ ఉక్కుల బలమంతా లోపల చల్లినట్లుండే సన్నని కార్బైడు కణాలలో ఉంది. లోహం సాగాలంటే స్ఫటికంలోని లోపాలు ఒకచోటి నుండి ఒకచోటికి కదలాలి. ఈ కణాలు వాటికి అడ్డుపడతాయి. కాని ఏళ్ల తరబడి వేడిలో ఉంటే చిన్న కణాలు కరిగి పెద్ద కణాలలో కలిసిపోతాయి. కణాల సంఖ్య తగ్గుతుంది, వాటి మధ్య ఎడం పెరుగుతుంది. దట్టమైన ముళ్లకంచె కాస్తా అక్కడొకటి ఇక్కడొకటి పాతిన గుంజలు అయినట్లు. ఉక్కు 'ముసలిది' అయింది అంటే అర్థం ఇదే. పైన తుప్పు లేకపోవచ్చు, పైపు తళతళ మెరుస్తూ ఉండవచ్చు. ముసలితనం లోపల ఉంటుంది.

4. అతుకు పక్కన ఏమౌతుంది?

ఇప్పుడు నాయన ప్రశ్నకు వద్దాం. వెల్డింగ్ చేసేటప్పుడు నడుమ లోహం 1,500 డిగ్రీల పైచిలుకు వేడిలో కరుగుతుంది. అక్కడి నుండి దూరం పోయేకొద్దీ వేడి తగ్గుతుంది. పెనం మీద జొన్నరొట్టె నడుమ మాడి, అంచు పచ్చిగా ఉన్నప్పుడు, ఆ రెంటి మధ్య రకరకాలుగా కాలిన పట్టీలు ఉంటాయి కదా. అతుకు పక్కనా అంతే. కరగకపోయినా వేడి తగిలి స్వభావం మారిన ఈ పట్టీని 'ఉష్ణప్రభావిత మండలం' అంటారు. వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే.

అందులో మళ్లీ మూడు భాగాలు. కరిగిన లోహానికి ఆనుకొని ఉన్నచోట రేణువులు పెద్దవౌతాయి. దాని పక్కన రేణువులు చాలా సన్నగా ఉంటాయి. ఆ తర్వాత సగం మారి సగం మారని పట్టీ ఉంటుంది. దాని అవతల అసలు ఉక్కు.

మా గుంటక కాలు విరిగింది చల్లని ఇనుములో. అక్కడ వేడి తగిలి త్వరగా చల్లారినచోట ఇనుము పెళుసెక్కి, రాయి తగిలినప్పుడల్లా దెబ్బతిని విరిగి ఉంటుంది. ఆవిరి పైపులో కారణం వేరు. అక్కడ చిక్కంతా సన్న రేణువుల పట్టీలో, దాని పక్కన సగం మారిన పట్టీలో వస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో రేణువులు సన్నగా ఉంటే లోహం గట్టిదని చదువుకున్నాం. 1950ల మొదట్లో హాల్, పెచ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా తేల్చిన సూత్రం అది. చల్లగా ఉన్నప్పుడు ఆ సూత్రం నిజమే. వేడిలో మాత్రం తారుమారు అవుతుంది. చిన్న చిన్న రాళ్లతో మట్టి పెట్టి కట్టిన గోడను తలచుకోండి. ఎండాకాలంలో గట్టిగానే ఉంటుంది. ముసురు పట్టి మట్టి నానితే, పెద్ద బండల గోడ కంటే ముందు చిన్న రాళ్ల గోడ జారుతుంది, ఎందుకంటే అందులో మట్టి సందులు ఎక్కువ. ఉక్కులో రేణు సరిహద్దులే ఆ సందులు. ఎక్కువ వేడిలో పరమాణువులు సరిహద్దుల వెంబడి సులభంగా కదులుతాయి, రేణువులు ఒకదానిమీద ఒకటి జారుతాయి. సందులు ఎక్కువైతే జారుడూ ఎక్కువే. పైగా ఈ మెత్తని పట్టీకి అటు ఇటు గట్టి లోహం ఉంటుంది. అది తోచినట్లు సాగనివ్వదు. అందువల్ల లోపల అన్నివైపుల నుండి లాగినట్లై, సరిహద్దుల మీద కంటికి కనబడనంత చిన్న బొరియలు పుడతాయి. బొరియలు వరుస కట్టి, కలిసి, పగులు అవుతాయి.

1974లో జర్మన్ ఇంజనీర్లు వెల్డింగ్ దగ్గర వచ్చే పగుళ్లను నాలుగు రకాలుగా విడదీశారు. మనం చెప్పుకున్నది నాలుగవ రకం. ప్రపంచమంతా దీన్ని 'నాలుగవ రకం పగులు' అనే పిలుస్తారు. వెల్డరు ఎంత నేర్పుగా పనిచేసినా, ఎక్స్‌రేలో అతుకు ఎంత శుభ్రంగా కనబడినా, ఆ మెత్తని పట్టీ ఉండి తీరుతుంది. వెల్డింగ్ తర్వాత మళ్లీ వేడిచేసే పద్ధతి (పి-91కు సుమారు 750 డిగ్రీల దగ్గర) పెళుసుదనాన్ని పోగొడుతుంది గాని ఈ పట్టీని పూర్తిగా చెరపలేదు. పి-91 వంటి ఉక్కులో ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం మీద చూస్తే, అతుకు బలం అసలు ఉక్కు బలంలో మూడోవంతు దాకా తక్కువ రావచ్చు. అందుకే డిజైనులో అతుకులకు వేరే తగ్గింపు గుణకం పెడతారు.

5. లెక్క కట్టడం

పైపు రెండు లక్షల గంటలు ఓర్చుతుందా లేదా తెలుసుకోవాలంటే రెండు లక్షల గంటలు, అనగా దాదాపు 23 ఏళ్లు, పరీక్ష పెట్టి కూర్చోవాలా? అంత తీరిక ఎవరికీ లేదు. 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక ఉపాయం చెప్పారు. వేడి పెంచితే కాలం తగ్గుతుంది. ఆ రెండింటినీ ఒకే సంఖ్యలో కలిపారు:

లార్సన్-మిల్లర్ సంఖ్య = పరమ ఉష్ణోగ్రత × (20 + గంటల సంవర్గమానం)

ప్రతిబలం ఒకటే అయితే ఈ సంఖ్య మారదని భావించాలి. మనమే ఒకసారి వేసి చూద్దాం. ఒక ఉక్కు 540 డిగ్రీల్లో (813 కెల్విన్లు) 2,00,000 గంటలు ఓర్చుతుందనుకుందాం. 2,00,000కు సంవర్గమానం 5.301. కాబట్టి సంఖ్య = 813 × 25.301 = 20,570.

ఇప్పుడు 600 డిగ్రీలు (873 కెల్విన్లు) తీసుకోండి. 20,570 ÷ 873 = 23.562. ఇందులో 20 తీసేస్తే 3.562. దీనికి ప్రతిసంవర్గమానం సుమారు 3,650 గంటలు. 23 ఏళ్ల పని ఐదు నెలల్లో తేలిపోయింది!

ఇంకో లెక్క. ఆవిరి 540 బదులు 550 డిగ్రీల్లో (823 కెల్విన్లు) నడిచిందనుకోండి. 20,570 ÷ 823 = 24.994. 20 తీసేస్తే 4.994. గంటలు సుమారు 98,500. మిత్రులారా, ఈ సంఖ్యను రెండుసార్లు చదవండి. పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగం అయింది. మన ఒంటికి పది డిగ్రీల తేడా తెలుస్తుందేమో గాని, 540లో పది అంటే మీటరులో చిన్న కదలిక. అందుకే విద్యుత్ కేంద్రంలో ఉష్ణోగ్రత రికార్డు అనేది పైపు జాతకం వంటిది.

వేడి మారుతూ వచ్చినప్పుడు ఖర్చయిన ఆయువును వాటాలుగా కలపాలి. ఈ పద్ధతిని రాబిన్సన్ అనే ఇంజనీరు 1938లో చూపించాడు. పైన చెప్పిన ఉక్కు 540 డిగ్రీల్లో 1,00,000 గంటలు నడిస్తే సగం, అనగా 0.50 వంతు ఖర్చు. 550 డిగ్రీల్లో 20,000 గంటలు నడిస్తే 20,000 ÷ 98,500 = 0.20 వంతు. మొత్తం 0.70. మిగిలింది 0.30. తిరిగి 540కే కట్టుబడితే 60,000 గంటలు. అప్పు లెక్క మాదిరే: వడ్డీ పెరిగిన నెలలు కొన్నే అయినా అసలును తినేస్తాయి.

6. లెక్క ఎక్కడ తప్పుతుంది?

లెక్క ఇంత సులభమైతే ఈ వ్యాసం ఇక్కడే ముగియాలి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది దీని తర్వాతి సంగతే.

పరీక్ష త్వరగా ముగియాలని అతుకు నమూనాను ఎక్కువ బరువుతో లాగామనుకోండి. అప్పుడు అది అసలు ఉక్కు దగ్గరో, పోసిన లోహం దగ్గరో తెగుతుంది. తక్కువ బరువుతో వేలాది గంటలు ఓపిక పట్టి లాగితే సన్న రేణువుల పట్టీ దగ్గర తెగుతుంది. అంటే తొందరపాటు పరీక్షలో చచ్చేది ఒకరు, అసలు పనిలో చచ్చేది ఇంకొకరు. మొదటి దాని ఆయువును కొలిచి రెండవ దానికి అంటగడితే, లేని బలాన్ని ఉన్నట్లు లెక్క కడతాం. గ్రాఫులో గీత అందంగానే వస్తుంది, అది చెప్పే సంగతే తప్పు.

కాబట్టి పాత అతుకుల పరీక్షకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. నమూనాలో పోసిన లోహం, ఉష్ణప్రభావిత మండలం, అసలు ఉక్కు మూడూ ఉండేట్లు అతుకుకు అడ్డంగా కోయాలి. పని బరువుకు దగ్గరి బరువుతోనే లాగి, వేడిని మాత్రం మెట్లు మెట్లుగా పెంచి, పని వేడికి గీత పొడిగించాలి. వేడిని కూడా ఉక్కు స్వభావమే మారిపోయేంత పెంచకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తెగిన ప్రతి నమూనాను సూక్ష్మదర్శిని కింద పెట్టి 'ఎక్కడ తెగింది' అని రాసుకోవాలి. ఎన్ని గంటలకు తెగింది అన్నది సగం జవాబే. నాయన గుంటక కాలును తిప్పి చూసినప్పుడు మొదట చూసింది ఎక్కడ విరిగింది అనేకదా.

మన దేశంలో ఈ తరహా పరిశోధన జరుగుతున్న చోట్లలో తమిళనాడులోని కల్పాక్కం ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, తిరుచిరాపల్లిలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి వెల్డింగ్ పరిశోధన సంస్థ, బెంగుళూరులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ చెప్పుకోదగినవి. అక్కడి యంత్రాలలో ఒక్కొక్క నమూనా నెలలు, ఏళ్లు వేలాడుతూ ఉంటుంది.

7. కంటితో చూసే పద్ధతులు

నడుస్తున్న కేంద్రంలో పైపును కోసి నమూనా తీయడం ప్రతిసారీ కుదరదు. కాబట్టి కోయకుండా చూసే పద్ధతులు వచ్చాయి. వార్షిక మరమ్మత్తుకు యూనిట్ ఆపినప్పుడు అతుకు పక్కన కొద్ది జాగాను అద్దంలా నునుపు చేసి, ఆమ్లంతో తడిపి, దానిమీద తడి చేసిన సన్నని సెల్యులోజు ఎసిటేటు పొరను అతికించి, ఆరినాక ఒలుస్తారు. కాగితం మీద వేలిముద్ర పడినట్లు ఉక్కు రూపం పొరమీద పడుతుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. 'రెప్లికా' అంటే ఇదే.

అందులో కనబడేదాన్ని 1983లో నాయిబావర్, వేడెల్ అనేవారు నాలుగు మెట్లుగా విభజించారు. అక్కడొకటి ఇక్కడొకటి విడి బొరియలు ఉంటే మొదటి మెట్టు: గమనిస్తూ ఉండాలి. బొరియలు ఒక దిక్కుగా వరుస కడితే రెండవది: గడువు పెట్టి మళ్లీ మళ్లీ చూడాలి. చిన్న పగుళ్లు కనబడితే మూడవది: మరమ్మత్తు జరిగేదాకా కొద్దికాలమే నడపాలి. పెద్ద పగులు కనబడితే నాలుగవది: వెంటనే బాగుచేయాలి.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. పొరకు పై ముఖం మాత్రమే తెలుస్తుంది. మందమైన పైపులలో, అందులోనూ పి-91లో, బొరియలు చాలాసార్లు లోపలే మొదలౌతాయి. అందుకని శబ్దాతీత తరంగాల పరీక్ష కూడా చేయాలి. గట్టిదనం కొలిచి అది మరీ తగ్గిందేమో చూడాలి. పైపు వ్యాసం పెరిగిందేమో చూడాలి. పైపును వేలాడదీసే స్ప్రింగు ఆధారాలు బిగుసుకుపోలేదని కూడా చూడాలి. ఒక ఆధారం బిగుసుకుంటే ఆ బరువు పక్క అతుకు మీద పడుతుంది. మా దూలం కింద గుంజ సరైన చోట పెట్టకపోతే ఇంకోచోట పగిలి ఉండేది, ఇదీ అంతే.

మన బాయిలర్ల నిబంధనలలో కూడా దీనికి స్థానం ఉంది. 1950 నాటి భారత బాయిలర్ల నిబంధనలలో తరువాత చేర్చిన భాగం ప్రకారం, 400 డిగ్రీలు అంతకు పైన క్రీప్ హద్దులో లక్ష గంటలు నడిచిన బాయిలరు భాగాలను కోయకుండా చేసే పరీక్షలతో చూసి, మిగిలిన ఆయువును అంచనా వేయాలి.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1985 జూన్‌లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో మొహావే విద్యుత్ కేంద్రంలో, తిరిగి వేడిచేసిన ఆవిరిని మోసే పెద్ద పైపు తన నిలువు వెల్డింగు వెంబడి చీలింది. ఆవిరి పక్కనున్న గదిలోకి దూసుకుపోయి ఆరుగురు చనిపోయారు. ఆ మరుసటి సంవత్సరం, 1986లో, మిచిగన్ రాష్ట్రంలోని మన్రో కేంద్రంలో కూడా అటువంటి పైపే చీలింది. ఆ తర్వాతనే అక్కడ పాత అతుకుల తనిఖీ పెద్ద ఎత్తున మొదలైంది.

8. పగలు ఎండ, రాత్రి బొగ్గు

చివరిగా మన జిల్లాకు సంబంధించిన కొత్త సంగతి ఒకటి. 2017లో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పూర్తయింది. మన ఎండకు విలువ వచ్చింది, సంతోషం. కాని సూర్యుడు ఉన్నంతసేపు సౌర కరెంటు ఎక్కువగా వస్తే, ఆ గంటలలో బొగ్గు యూనిట్లను తగ్గించి నడపాలి. సాయంత్రం అయ్యేసరికి మళ్లీ పెంచాలి. బొగ్గు యూనిట్లు 40 శాతం భారం దాకా తగ్గి నడవగలగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధనలు చేసింది.

ముప్పై ఏళ్ల కిందట కట్టిన యూనిట్లను ఎక్కువగా ఒకే భారంతో నడపడానికి కట్టారు. ఇప్పుడు రోజూ వేడి చల్లబడి మళ్లీ ఎక్కుతుంటే, మందమైన పైపు పైభాగం ఒక తీరుగా, లోపలి భాగం ఒక తీరుగా వ్యాకోచిస్తాయి. తీగను అటు ఇటు వంచినట్లు లోహానికి అలసట వస్తుంది. క్రీప్ ఒకవైపు, అలసట ఒకవైపు. రెండూ కలిసినప్పుడు నష్టం విడివిడి నష్టాల మొత్తం కంటే ఎక్కువ కావచ్చు. ముందు ఓడేది మళ్లీ ఆ మెత్తని పట్టీయే. కాబట్టి 'ఈ అతుకు ఇంకా ఎన్ని గంటలు?' అన్న పాత ప్రశ్నకు 'ఇంకా ఎన్నిసార్లు ఆపి నడపవచ్చు?' అన్న కొత్త ప్రశ్న కూడా చేరింది.

ముగింపు

నేను అర్థం చేసుకున్నది ఇంతే. అతుకును రెండు గట్టి ఇనుముల కలయిక అని చూస్తే మోసపోతాం. అక్కడ మూడవది ఒకటి పుడుతుంది. దాని వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే అయినా, పైపు ఆయువు దాని చేతిలోనే ఉంటుంది. దాని బలం అసలు ఉక్కు పట్టికలో దొరకదు. తొందరగా చేసిన పరీక్షలోనూ దొరకదు. ఓపికగా లాగి, ఎక్కడ తెగిందో చూసి, నడుస్తున్న పైపును ఏటేటా పలకరించి తెలుసుకోవాలి.

ఉగాదికి ఇంటికి వచ్చిన చిన్నాయనకు ఈ సంగతులన్నీ చెప్పినాను. ఆయన వింటూ వింటూ, "మేము పైపుల పక్కనే కూర్చొని సద్ది తింటాం రా. అతుకు బాగా పోసినామా లేదా అనే చూసినాం గాని, పక్కన ఏమౌతాదో మాకు ఎవురూ చెప్పలే" అన్నాడు. రెప్లికా తీసేవాళ్లను చూసినాడట. వాళ్లు చేసే పని ఏమిటో ఆయనకు తెలియదు. చేతితో అతుకు పోసే మనిషికీ, సూక్ష్మదర్శినిలో దాన్ని చూసే మనిషికీ మధ్య ఒక్క మాట కూడా నడవకపోవడం నాకు బాధ అనిపించింది.

మన కళాశాలలో మాతృభాషలో ఆలోచించి ఇంగ్లీషులో పరీక్ష రాసే మావంటి వారు చాలామంది ఉన్నారు. బి.ఎస్సీ. తర్వాత లోహశాస్త్రం వైపు పోవచ్చునని మాలో చాలామందికి తెలియదు. హైదరాబాదులో 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ వంటి సంస్థలు మన ఇంటి దగ్గరే ఉన్నాయి. పై తరగతుల అన్నలు, పూర్వ విద్యార్థులు ఈ దారి గురించి చెబితే మేలు చేసినవారవుతారు.

నాయనకు కూడా జవాబు చెప్పినాను. "నిప్పు తగిలిన చోటికి, తగలని చోటికి నడుమ ఉండేది బలహీనమౌతుంది నాయనా" అన్నాను. ఆయన కాసేపు ఊరకుండి, "అయితే ఈసారి అతుకు పెట్టించినాక పక్కన కూడా చూసుకోవాల" అన్నాడు. ఇరవై పేజీలు చదివి నేను తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.